బండి నల్లపొగ ఎందుకు వదులుతుంది?



ఈ సంచికకు సైన్సు వ్యాసం రాయమని మాస్టారు చెప్పారు. పాఠ్యపుస్తకంలోది ఎత్తి రాయడం నాకిష్టం లేదు. వేసవి సెలవుల్లో నేను కళ్ళారా చూసిందే రాస్తున్నాను. మన ఇళ్ళల్లో ఇప్పుడు చాలామందికి పాత మోటారు సైకిలు ఉంది కనుక ఇది అందరికీ పనికి వస్తుందని నా నమ్మకం.

మా మామయ్య ద్వారకా తిరుమల దగ్గర పామాయిలు తోటల్లో గెలలు కోసే పనికి పోతాడు. ఈ రోజు ఒక తోట, రేపు ఇంకో తోట. బండి ఉంటేనే పని. ఆయనది కార్బురేటరు ఉన్న పాత బండి, సెకండ్ హాండ్‌లో కొన్నాడు. నేను వెళ్ళేసరికి ఆ బండి జబ్బు పడి ఉంది. లీటరుకి 55 కిలోమీటర్లు వచ్చేది కాస్తా 35కి పడిపోయింది. వెనకనుంచి నల్లటి పొగ, కళ్ళు మండే వాసన. విచిత్రం ఏమిటంటే పొద్దున్నే ఒక్క కిక్కుకే స్టార్ట్ అయ్యేది. రెండు మూడు కిలోమీటర్లు పోయి వేడెక్కాకే గుటకలు మింగుతున్నట్టు ఆగి ఆగి నడిచేది.

ఒక షాపులో చూపిస్తే, ప్లగ్గు కూడా విప్పకుండానే "బోరు పోయింది, 7 వేలు అవుతుంది" అన్నారు. ఆ రాత్రి అత్తయ్య ఏమీ మాట్లాడకుండా చెవిదిద్దులు తీసి మామయ్య చేతిలో పెట్టింది. తాకట్టు పెట్టమని. నాకు అన్నం సహించలేదు.

మర్నాడు మామయ్య, "ఇంకొకళ్ళకి కూడా చూపిద్దాం అల్లుడూ" అన్నాడు. ఊరి చివర చెట్టు కింద పని చేసుకునే ఒక ముసలి మేస్త్రి గారి దగ్గరికి బండి తోసుకుపోయాం. అప్పుడు వైశాఖమాసం, స్వామివారి కల్యాణం రోజులు. (ద్వారకా తిరుమలలో గర్భగుడిలో రెండు మూలవిరాట్టులు ఉన్నందున ఏటా రెండుసార్లు, వైశాఖంలోను ఆశ్వయుజంలోను కల్యాణం చేస్తారు.) రోడ్డంతా యాత్రికుల బళ్ళు. అంత పనిలోనూ ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి ముందు ప్రశ్నలే అడిగారు. పొగ ఏ రంగు? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? రాత్రి బండి దగ్గర పెట్రోలు వాసన వస్తుందా?

మిత్రులారా! ఆ ప్రశ్నల్లోనే సగం వైద్యం ఉంది. ఎలాగో చెబుతాను.

మన ఇంట్లో కట్టెల పొయ్యి గుర్తు చేసుకోండి. కట్టెలు ఎక్కువ కుక్కి గాలి ఆడకుండా చేస్తే ఏమవుతుంది? మంట రాదు, పొగా మసీ వస్తాయి. అమ్మ ఊదుగొట్టంతో ఊదితే మండుతుంది. ఇంజను కూడా పొయ్యే. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ గాలి తక్కువైనా, పెట్రోలు ఎక్కువైనా కాలని కార్బను నల్లపొగై పోతుంది. దీన్నే మెకానిక్కులు "రిచ్ మిక్చరు" అంటారు. పేరుకి రిచ్చే గాని బండి గలవాడిని పేదవాణ్ణి చేస్తుంది!

పొగ రంగులు మూడు. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువ. నీలిపొగ అంటే ఇంజను ఆయిలు కాలుతోంది, అప్పుడే రింగులని, బోరని అనుమానించాలి. తెల్లగా వచ్చేది చాలాసార్లు చలివేళ పట్టే నీటి ఆవిరి, కాసేపటికి పోతుంది. మామయ్య బండిది నలుపు. బోరు మాట ముందే రావలసింది కాదు.

వేడెక్కాకే మొరాయించడం రెండో గుర్తు. చల్లని ఇంజనుకి పెట్రోలు కాస్త ఎక్కువే కావాలి, చోక్ పెట్టేది అందుకే. కనుక పెట్రోలు ఎక్కువ పోయే బండి పొద్దున్నే హాయిగా లేస్తుంది, వేడెక్కాక ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

తరువాత మేస్త్రి గారు ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టారు. "ఇది ఇంజను నాలుక రా అబ్బాయ్. డాక్టరు నాలుక చూసినట్టు చూడు" అన్నారు. దాని మొన టీ రంగులో ఉంటే ఆరోగ్యం. తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువ. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు. పొడిగా, వేలికి అంటుకునే మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. మాది కాటుక బరిణె లాగే ఉంది.

ఇక కారణం వెతకాలి. ఖర్చు లేనిది ముందు, ఖర్చయ్యేది వెనక. ఇదే ఆయన పద్ధతి.

మొదట చోక్. కేబులు పట్టేసి సగంలో ఆగిపోతే ఎప్పుడూ చోక్ వేసినట్టే. మాది సరిగానే ఉంది.

రెండోది ఎయిర్ ఫిల్టరు. విప్పితే తోటల దుమ్ము అట్ట కట్టి ఉంది. ఒక్క నిమిషం ఫిల్టరు లేకుండా ఇంజను ఆడిస్తే తేడా తెలిసింది, శబ్దం తేలికైంది. కొత్త ఫిల్టరు వేయించాం. నేను సంబరపడి, "దొరికిపోయింది మామయ్యా, ఇంక పోదాం" అన్నాను. మేస్త్రి గారు "రెండు రోజులు తిప్పి, మళ్ళీ ప్లగ్గు చూపించండి" అన్నారు. నేను అక్కర్లేదనే అనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం అత్తయ్యని ఎక్కించుకుని కొండమీదకి వెళుతూ ఉంటే బండి సగం దారిలో ఆగిపోయింది. వెనక బస్సు హారన్ కొడుతోంది. మామయ్య తోస్తుంటే అత్తయ్య నడిచింది. నాకు సిగ్గేసింది. ఒక తప్పు దొరికితే ఇంకో తప్పు లేదని కాదు గదా!

మళ్ళీ వెళ్ళాం. ఈసారి మేస్త్రి గారు ఒక పరీక్ష చేశారు. వేడెక్కిన ఇంజను నెమ్మదిగా ఆడుతుండగా పెట్రోలు ట్యాపు కట్టేశారు. కార్బురేటరు గిన్నెలో పెట్రోలు తగ్గుతూ వచ్చింది. ఆగిపోయే ముందు కాసేపు ఇంజను చక్కగా, జోరుగా ఆడింది! అంటే పెట్రోలు తగ్గాకే దానికి ఊపిరి ఆడిందన్న మాట.

మన హాస్టలు నీళ్ళ ట్యాంకులో బాల్ ఉంటుంది చూడండి. నీళ్ళు నిండితే బాల్ తేలి పైపు మూసేస్తుంది. అది పాడైతే ట్యాంకు పొంగుతుంది. కార్బురేటరు గిన్నెలోనూ అలాంటి తేలే ఫ్లోట్, దానికొక సూది ఉంటాయి. విప్పి చూస్తే సూది మొన చుట్టూ గాడి పడింది. సరిగా మూయడం లేదు, గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ ఎక్కువే. అప్పటికీ తగ్గకపోతే జెట్టులు అరిగాయేమో చూడాలి. మాకు ఆ అవసరం రాలేదు.

ఆయన ఇంజను ఆయిలు కూడా వాసన చూసి మార్పించారు. కారిన పెట్రోలు కొంత లోపలికి దిగి ఆయిలుని పల్చన చేసింది. పల్చని ఆయిలు పిస్టనుని కాపాడలేదు. బోరు పోయిందన్న మాట ఆనాటికి అబద్ధమే గాని, అలాగే నడిపి ఉంటే నిజం అయ్యేది!

ఫిల్టరు, సూది, ఆయిలు, కూలి కలిపి 900 లోపే అయింది. వారం తర్వాత ప్లగ్గు టీ రంగుకి వచ్చింది. అత్తయ్య దిద్దులు అత్తయ్య చెవులకే ఉన్నాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్.6 నియమాలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నిటికీ కార్బురేటరు పోయి ఇంజెక్టరు వచ్చింది. పొగగొట్టంలో ఒక సెన్సారు ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలిచి చిన్న కంప్యూటరుకి చెబుతుంది, అది పెట్రోలు తగ్గిస్తుంది, పెంచుతుంది. తేడా వస్తే మీటరులో పసుపు లైటు వెలుగుతుంది. ఇంజను వేడి చెప్పే సెన్సారు పాడై "ఇంకా చల్లగానే ఉంది" అని తప్పు చెబితే చోక్ ఇరుక్కున్నట్టే అవుతుంది. బండి మారినా ప్రశ్న మారలేదు: పెట్రోలు ఎక్కువా, గాలి తక్కువా? కొల్లేరు వైపు చేపల చెరువులకు నీళ్ళు తోడే డీజిలు ఇంజన్లు నల్లపొగ వదిలినా ముందు గాలి ఫిల్టరే చూడాలి.

జాగ్రత్తలు:
1. ఇంజను చల్లారాకే ప్లగ్గు విప్పాలి. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.
2. రాత్రి పెట్రోలు ట్యాపు కట్టేయాలి.
3. మూసిన గదిలో ఏ ఇంజనూ ఆడించకూడదు, జనరేటరైనా సరే. పొగలోని కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు, మనిషిని చంపుతుంది. రిచ్‌గా ఆడే ఇంజనులో అది మరీ ఎక్కువ.
4. ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్ళీ ప్లగ్గు చూడాలి.

మిత్రులారా! ఎవరైనా "బోరు పోయింది" అంటే భయపడి దిద్దులు తీయకండి. "ప్లగ్గు విప్పి చూపించండి" అని అడగండి. దసరా సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ బండి ప్లగ్గు ఏ రంగులో ఉందో చూసి వచ్చి నాకు చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థి