బూజులో పుట్టిన మాత్ర, చెట్టుకు కారిన బంక

మీ ఇంట్లో తాతకో నాయనమ్మకో డాక్టరు కొలెస్టరాల్ మాత్ర రాసి ఉండవచ్చు. ఆ పక్కనే గుగ్గులు బిళ్ళల సీసానో, పరగడుపున మింగడానికి ఒలిచిన వెల్లుల్లి రెబ్బలో కూడా ఉండవచ్చు. “మాత్ర కెమికల్, ఇది చెట్టు మందు, హాని లేదు” అన్న మాట విని మాత్ర మానేసేవాళ్ళను నేను చూస్తూనే ఉన్నాను. ఆ మాట నిజమేనా?

కొలెస్టరాల్ మైనంలాంటి పదార్థం. అది విషం కాదు. కణాల పొరలకు, కొన్ని హార్మోన్లకు అది కావాలి. ఎక్కువ భాగం మన శరీరమే తయారుచేసుకుంటుంది. దాన్ని రక్తంలో మోసుకుపోయే ఎల్‌డిఎల్ కణికలు మితిమీరితే రక్తనాళాల గోడల్లో పేరుకుని దారిని ఇరుకు చేస్తాయి. ఏళ్ళ తరబడి నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇక మాత్ర పుట్టుక వినండి. జపానులో అకిరా ఎండో అనే శాస్త్రజ్ఞుడు 1971లో బూజులను పరీక్షించడం మొదలుపెట్టాడు. కాలేయంలో కొలెస్టరాల్ తయారీకి తోడ్పడే ఒక ఎంజైమును అడ్డుకునే పదార్థం ఆయనకు కావాలి. సుమారు 6000 రకాలు వడపోస్తే, 1973లో బియ్యం మీద పెరిగిన ఒక నీలిబూజులో అది దొరికింది. స్టాటిన్ మందులకు అదే మూలం. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ కూడా బూజు ఇచ్చిందే. చైనావాళ్ళు ఎర్రబూజు పట్టించి తినే బియ్యంలోనూ ఇదే పదార్థం ఉంటుంది! కాకపోతే మాత్రలో 20 మిల్లీగ్రాములంటే 20 ఉంటాయి. బియ్యంలో ఎంత ఉందో తినేవాడికి తెలియదు.

గుగ్గులు రాజస్థాన్, గుజరాత్ మెట్టనేలల్లో పెరిగే ముళ్ళపొద బంక. దాన్ని మన శాస్త్రజ్ఞులు చులకన చేయలేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్ళపై పరీక్షించి 1966లో పరిశోధన గ్రంథం సమర్పించారు. తరువాత లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ దాని నుంచి మందు చేసింది. మన దేశంలో జరిపిన కొన్ని పరీక్షల్లో కొలెస్టరాల్ తగ్గింది కూడా. కానీ 2003లో అమెరికాలో 103 మందిపై 8 వారాలు జరిపిన పరీక్షలో ఎల్‌డిఎల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది. కొందరికి దద్దుర్లు వచ్చాయి. వెల్లుల్లిని 2007లో స్టాన్‌ఫర్డ్‌లో 192 మందికి ఆరు నెలలు పెట్టి చూస్తే ఎల్‌డిఎల్ కదలలేదు. చారులో వేసుకోండి, రుచికి నేనూ వేసుకుంటాను.

“మా మామకు తగ్గిందే!” అంటారు. ఆయన అదే నెలలో నూనె తగ్గించాడేమో, నడక మొదలుపెట్టాడేమో! అందుకే పరీక్షల్లో సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరిది ఏదో రోగికీ, డాక్టరుకూ తెలియదు. స్కాండినేవియా దేశాల్లో 4444 మంది గుండె రోగులకు సిమ్వాస్టాటిన్‌ను ఇలాగే ఐదేళ్ళకు పైగా ఇచ్చి చూశారు. ఫలితం 1994లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది, మందు వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. తేడా 74 ప్రాణాలు.

అలాగని మాత్రలో లోపం లేదనడం లేదు. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, కొద్దిమందికి కాలేయంపై ప్రభావం పడుతుంది. ఇక “సహజమైనదానితో హాని లేదు” అన్న మాట నల్గొండలో ఎలా చెల్లుతుంది? మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంచిన ఫ్లోరైడు సహజంగా రాళ్ళలోంచి బావినీళ్ళలోకి దిగినదే.

మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే ఎల్‌డిఎల్ మళ్ళీ పైకి పోతుంది. తాతకు ఏ తేడా తెలియదు. ఈసారి ఆయన ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు గుగ్గులు సీసా కూడా సంచిలో పెట్టండి, డాక్టరు చూస్తారు.