ఎత్తునది వేరు, నిలుపునది వేరు
(ఇంటి గ్యారేజీకి కారు లిఫ్టు ఎన్నుకొనుట గురించి)

మంచిర్యాల జిల్లాలో, బెల్లంపల్లి, మందమర్రి పట్టణములకు చేరువగా కాసిపేట ఉన్నది. సింగరేణి సంస్థ మందమర్రి ఏరియాకు చెందిన భూగర్భ గనులకు ఆ ఊరి పేరే పెట్టబడినది. ఆ మండలములోనే దేవాపూరు సిమెంటు కర్మాగారము కలదు. బొగ్గు గాని, సిమెంటు గాని కదలవలెనన్న చక్రములు కావలెను. అందుచేత అచ్చటివారికి మోటారు వాహనము కొత్త వస్తువు కాదు. ఒకప్పుడు సైకిలుమీద షిఫ్టుకు పోయినవారి పిల్లలు నేడు ఇంటిముందు కారు నిలుపుకొనుచున్నారు. కొందరు దానినే జీవనోపాధిగా చేసికొనుచున్నారు.

ఆ మధ్య ఆ వైపు పోయినప్పుడు మేము ఒక ఇంట తండ్రీకొడుకుల సంభాషణ వింటిమి. తండ్రి చాలా ఏండ్లు గనిలో టింబర్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడు. కుమారునికి రెండు టాక్సీలు కలవు. నూనె మార్చుట, బ్రేకులు సరిచేయుట వంటి పనులు ఇంటివద్దనే చేసికొనుటకై పక్కనున్న రేకుల షెడ్డులో ఒక కారు లిఫ్టు పెట్టించవలెనని అతని కోరిక. మంచముమీద బొమ్మల కాగితములు పరచి, ఏ లిఫ్టు ఎన్ని టన్నులు ఎత్తగలదో వివరించుచుండెను. తండ్రి అంతయు ఓపికగా విని ఒక్క ప్రశ్న వేసెను.

"లేపుతది సరే బిడ్డా, ఆపేదేది?"

"ఆయిలే ఆపుతది బాపూ" అని కుమారుడు జవాబిచ్చెను. వృద్ధుడు తల అడ్డముగా ఊపి మాటాడక ఊరకుండెను.

ఆ జవాబు సరియైనది కాదు. అది ఎందుకు కాదో తెలిసికొన్నచో లిఫ్టును ఎన్నుకొను విధానము చాలవరకు తెలిసినట్లే.

మొదట ఎత్తు సంగతి చూతము. మూసియున్న పాత్రలోని ద్రవముమీద ఒకచోట ఒత్తిడి కలిగించినచో ఆ ఒత్తిడి అన్ని దిక్కులకు సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తెలియజేసెను. ఆ సూత్రముమీద 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా జలయంత్రపు ప్రెస్సుకు పేటెంటు పొందెను. అమెరికాలోని మెంఫిస్ నగరమున పీటర్ లునాటి అను మెకానిక్కు 1920 దశకములో దానిని కారు కిందికి తెచ్చెను. మంగలి దుకాణములో పైకి లేచు కుర్చీని చూచి అతనికి ఆ ఊహ కలిగినదని చెప్పుదురు. మన గోదావరిఖని ప్రాంతపు లాంగ్‌వాల్ గనులలో కప్పును మోయు యంత్ర రక్షకములు కూడా ఈ సూత్రముమీదనే పనిచేయును.

లెక్క సులభమైనది. నలభై మిల్లీమీటర్ల వ్యాసముగల పిస్టను వైశాల్యము సుమారు పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుమీద 160 కిలోల ఒత్తిడి కలిగించినచో ఆ చిన్న పిస్టను 2,000 కిలోల బరువును లేపగలదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి చుట్టినంత లావు కడ్డీ ఒక జీపును మోయుననుట వింతగానే తోచును గాని, నిజము.

కాని ఇంత ఒత్తిడిలో ఉన్న నూనె ఎల్లప్పుడును బయటికి పోవుటకు దారి వెదకుచుండును. రబ్బరు సీలు అరిగినను, గొట్టము పగిలినను, వాల్వులో ఇసుక రేణువు చిక్కుకొన్నను దానికి దారి దొరకును. పగలు ఎత్తిన బండి తెల్లవారుసరికి కొన్ని అంగుళములు దిగియుండుట మెకానిక్కులు ఎరుగని విషయము కాదు. అందుచేతనే మంచి లిఫ్టులో నూనెకు అప్పగించిన పని ఎత్తుట మాత్రమే. నిలుపుట ఉక్కు పని. స్తంభము లోపల నిచ్చెనమెట్లవలె గళ్లు ఉండును. బండి లేచుచున్నప్పుడు ఉక్కు లాకు ఒక్కొక్క గడి దాటుచు టక్కు టక్కుమని చప్పుడు చేయును. కావలసిన ఎత్తునకు వచ్చిన పిమ్మట బండిని కొద్దిగా కిందికి దించి ఆ లాకులమీద కూర్చుండబెట్టవలెను. అప్పుడు గొట్టము పగిలినను, కరెంటు పోయినను బండి కదలదు. లాకుమీదికి దించకుండ నూనెమీదనే వదలి బండి కిందికి పోవుట, కప్పుకు ఊతము పెట్టకుండ గనిలో ముందుకు పోవుటవంటిది. టింబర్‌మన్ అడిగిన ప్రశ్నకు అర్థమిదే.

కాబట్టి లిఫ్టు కొనునప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎన్ని టన్నులు?" అన్నది కాదు. లాకులు ఎన్ని? రెండు వైపులను ఒకేసారి పడునా? ఒక వైపు లాకు పడక రెండవ వైపు పడినచో బండి ఒరుగును. రెండు వైపులను సమముగా లేపుటకు ఉక్కు తీగలు గాని వేరు ఏర్పాటు గాని ఉన్నదా? గొట్టము తెగినప్పుడు నూనె ప్రవాహమును తనంతట అరికట్టు వాల్వు ఉన్నదా? కరెంటు లేనప్పుడు చేతితో మెల్లగా దించు మార్గమున్నదా? ఈ ప్రశ్నలకు అమ్మకందారు బండిని ఎత్తి, దించి, కన్నులయెదుట సమాధానము చూపవలెను. నోటిమాట చాలదు.

తరువాత బరువు. చిన్న ఆల్టో కారు బరువు ముక్కాలు టన్నుకు అటునిటు; స్విఫ్టు సుమారు 900 కిలోలు; ఇన్నోవా క్రిస్టా సుమారు 1,800 కిలోలు. నాలుగు టన్నుల లిఫ్టు ఇన్నింటికిని చాలునని తోచును. కాని రెండు స్తంభముల లిఫ్టునకు నాలుగు చేతులుండును. మొత్తము శక్తిలో ఒక్కొక్క చేతి వంతు నాల్గవ భాగమే. ఇంజను ముందుండు బండిలో బరువు ముందు చేతులమీదనే ఎక్కువగా పడును. ఇంజను ఊడదీసినచో బరువు అకస్మాత్తుగా వెనుకకు మారును. కావున సామర్థ్యము ఎప్పుడును అవసరమునకు మించి ఉండవలెను. చేతులు ఆనించు చోట్లు బండితో వచ్చిన పుస్తకములో చూపబడి ఉండును. ఊహమీద ఎక్కడ పడితే అక్కడ ఆనింపరాదు.

ఇక ఇల్లు. నిజమునకు చాలమంది విషయములో లిఫ్టును ఎన్నుకొనునది యజమాని కాదు, అతని ఇల్లు.

మొదట ఎత్తు కొలువవలెను. మనిషి నిలుచుండి పని చేయుటకు చక్రములు నేలనుండి సుమారు 1.6 మీటర్లు లేవవలెను. స్విఫ్టు ఎత్తు 1.53 మీటర్లు, రెండును కలిపిన 3.13 మీటర్లు. ఇన్నోవాకు అదే లెక్క 3.4 మీటర్లు. మన ఇండ్లలో సాధారణముగా ఉండు పది అడుగుల స్లాబు ఎత్తు 3.05 మీటర్లు మాత్రమే. అనగా స్విఫ్టు పైభాగము స్లాబును తాకును. ఇన్నోవా మాట చెప్పనక్కరలేదు. అదే స్లాబు కింద ఒక మీటరు మాత్రమే ఎత్తు కత్తెర లిఫ్టు పెట్టినచో స్విఫ్టు 2.53 మీటర్లవద్దను, ఇన్నోవా 2.8 మీటర్లవద్దను ఆగును. చిన్న పీటమీద కూర్చుండి పని చేసికొనవచ్చును. ఫ్యాను, ట్యూబులైటు, రేకుల కింది ఇనుప గొట్టములు కూడ లెక్కలో చేర్చుట మరువరాదు.

రెండవది నేల. రెండు స్తంభముల లిఫ్టులో బండి బరువంతయు స్తంభములను లోపలికి వంచుటకు ప్రయత్నించును. వానిని పట్టియుంచునవి నేలలో దిగిన బోల్టులే. తయారీదారులు సామాన్యముగా నాలుగు నుండి ఆరు అంగుళముల మందముగల మంచి కాంక్రీటు కోరుదురు. టైల్సు, వాని కింది ఇసుక పొర ఈ మందములో చేరవు. కొత్తగా కాంక్రీటు పోసినచో దానికి పూర్తి బలము వచ్చుటకు 28 దినములు నీటితో తడుపుచు ఆగవలెను. సిమెంటు కర్మాగారము పక్కనే ఉన్నంత మాత్రమున ఈ గడువు ఒక్క దినమైనను తగ్గదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులు మరి రెండు కలవు. ఇంటి స్థలము చాలక చాలమంది నీళ్ల సంపును, సెప్టిక్ ట్యాంకును కారు నిలుపుచోటి కిందనే కట్టుదురు. వానిమీది పలక బోల్టులకు పనికిరాదు. రెండవది నేల స్వభావము. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొనును. బొగ్గు స్తంభములను కూడ తీసివేసిన పాత గనుల పైభాగమున భూమి కుంగుట బొగ్గుబాయివారికి చెప్పనక్కరలేదు. నేలలోగాని గోడలోగాని పగుళ్లు ఏటేటికి పెరుగుచున్నచో అచ్చట స్తంభములు నాటు ఊహ మానుకొనవలెను. కంపెనీ క్వార్టరులో ఉన్నవారు అనుమతి లేక నేల తవ్వరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవది విద్యుత్తు. ఇంటికి వచ్చు 230 వోల్టుల సింగిల్ ఫేజుమీద మూడు హార్సుపవరు మోటారు నడువవచ్చును గాని, దానికి వేరుగా మందమైన తీగ, వేరు స్విచ్చి, మంచి ఎర్తింగు కావలెను. సాయంకాలము వోల్టేజి పడిపోవు చోట ఆ వేళ లిఫ్టు నడుపకుండుట మేలు.

ఈ కొలతలు చేతిలో ఉన్న పిమ్మట ఎన్నిక తేలిక. నేల గట్టిది, కప్పు పన్నెండడుగులకు మించి ఎత్తు, పని ఎక్కువ అయినచో రెండు స్తంభముల లిఫ్టు మంచిది. చక్రములు నాలుగును వదులుగా వ్రేలాడును గనుక బ్రేకు పనికి అనుకూలము. ఒక బండిమీద మరొక బండి నిలుపుకొనదలచినవారికి నాలుగు స్తంభములది తగినది. బండి తన చక్రములమీదనే నిలుచును గనుక స్థిరము ఎక్కువ. కాని చక్రము ఊడదీయుటకు వేరు జాకీ కావలెను. కప్పు తక్కువైనచోట కత్తెర లిఫ్టు. దానితో బండి నడుమ భాగము కొంత మూసికొనిపోవునను లోపము కలదు.

ఈ మూడింటిలో ఏదియు వద్దనుకొనుట కూడ ఒక ఎన్నికయే. ఏడాదికి రెండు మార్లు నూనె మార్చు గృహస్థునకు గట్టి నేల, మంచి ట్రాలీ జాకీ, రెండు జతల ఇనుప స్టాండులు చాలును. బండితో వచ్చు జాకీ టైరు మార్చుటకు మాత్రమే. దానిమీద నిలిపిన బండి కిందికి తల పెట్టుట ప్రాణముతో చెలగాటము. ఇటుకలు, రాళ్లు పేర్చి ఆనించుట అంతకంటె ప్రమాదము; ఇటుక వంగదు, ముందుగా చెప్పదు, ఒక్కసారిగా పొడియగును.

కొందరు గుంట తవ్వుకొనుట చౌక అందురు. చౌకయే. కాని పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. వంట గ్యాసు కూడ అంతే. అవి గుంటలో చేరి ఒక నిప్పురవ్వకై కాచుకొని ఉండును. గనిలో మండు వాయువు కప్పును అంటియుండునని జాగ్రత్తపడిన వారు, ఇంటి గుంటలో అది అడుగున ఉండునని గుర్తుంచుకొనవలెను. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపుట ఎన్నడును తగదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు.

మేము కాసిపేటనుండి బయలుదేరుటకు ముందు తండ్రీకొడుకులు షెడ్డు కొలిచిరి. రేకుల కింద తొమ్మిదిన్నర అడుగులు వచ్చినది. వృద్ధుడు చేతికర్రతో నేలను అడుగు అడుగున తట్టుచు చెవి యొగ్గి వినెను. గనిలో కప్పును తట్టి, మ్రోత గట్టిగా ఉన్నదా, డొల్లగా ఉన్నదా అని పరీక్షించుట ఆ వృత్తివారి నిత్య కృత్యము. ఒక మూల శబ్దము మారినది. కుమారునికి అప్పుడు జ్ఞాపకము వచ్చినది: అచ్చట పాత సంపు ఉన్నది.

రెండు స్తంభముల లిఫ్టు బొమ్మ కాగితము మడిచి పక్కన పెట్టబడినది. షెడ్డు రెండవ కొసన కొత్త కాంక్రీటు పోసి, ఇరువైపుల ఉక్కు లాకులుగల కత్తెర లిఫ్టు తెచ్చుటకు నిర్ణయము జరిగినది. "లాకు పడ్డ సప్పుడు ఇనకుంటే కిందికి పోవద్దు" అని తండ్రి షరతు పెట్టెను. కుమారుడు ఒప్పుకొనెను.

ఆ షరతును లిఫ్టు కొనువారందరును గోడమీద వ్రాసి పెట్టుకొనుట మంచిదని మా అభిప్రాయము.