తపాలాలో వచ్చిన పందెపు కార్లు

సంక్రాంతి దినములలో హైదరాబాదు పాతబస్తీలోని జనమెల్ల మేడలమీద నుందురు. గుల్జారుహౌజు చెంత కొనిన పతంగులు ఆకాశమును కప్పివేయును. ఒక మేడమీది బాలుడు ఎగురవేసిన పతంగు, రెండు వీథుల కావల మరియొక మేడనుండి లేచిన పతంగుతో పెనగులాడును. ఆ రెండవ పతంగు ఎవరిదో ఈ బాలుడెరుగడు. వాని ముఖమైనను చూచి యుండడు. అయినను పందెము పందెమే. దారము తెగినంతనే 'అఫా' యను కేక వీథియంతయు మారుమ్రోగును. గెలిచినదెవరో, ఓడినదెవరో అందరి కన్నుల యెదుటనే తేలిపోవును గనుక అచట తగవునకు తావు తక్కువ.

పోటీదారులు ఒకరినొకరు చూడకయే జరుపుకొను పందెము మరియొకటి కలదు. అందు పోటీదారుడు పందెపు స్థలమునకే రాడు. అరచేతిలో ఇముడు లోహపు బొమ్మకారును చిన్నపెట్టెలో భద్రపరచి తపాలాలో పంపును. వేరువేరు ఊళ్లనుండి అట్లు వచ్చిన కార్లనన్నిటిని నిర్వాహకుడు తన యింట ఏటవాలుగా కట్టిన దారిపై పరుగెత్తించును. ఆ పరుగును కెమెరాతో చిత్రించి అందరకు చూపును. పిదప ఎవరి కారును వారికి తపాలాలోనే మరల పంపివేయును. అమెరికా మొదలగు దేశములలో బొమ్మకార్లు కూర్చు అలవాటుగలవారు ఇట్టి పందెములను మిక్కిలి ఉత్సాహముతో జరుపుచున్నారు. పతంగుల పందెమువలె ఇచట తీర్పు చెప్పుటకు ఆకాశము లేదు. ఒక గదిలో నున్న ఒక మనుష్యుడు చెప్పవలెను.

తపాలాద్వారా ఆడుట మాత్రము క్రొత్త గాదు. 1824లో లండను, ఎడింబరో నగరముల చదరంగ సంఘములు ఎత్తులను ఉత్తరములలో వ్రాసి పంపుకొనుచు ఆట నారంభించినవి. ఆ పోటీ 1828 వరకు సాగి ఎడింబరో పక్షమునకు విజయమునిచ్చినది. కాని చదరంగములో ఇరువురి యెదుటను బల్ల ఉండును. వేసిన ఎత్తునకు వ్రాతయే సాక్ష్యము. కార్ల పందెములో వస్తువే చేయి దాటిపోవును. ఆ తరువాత యజమాని చేయగలిగినది ఎదురుచూచుట యొక్కటే.

ఈ బొమ్మలను డైకాస్టు కార్లందురు. కరగిన లోహమును ఉక్కు అచ్చులోనికి గట్టి యొత్తిడితో ఎక్కించి పోతపోయుటచే వానికా పేరు వచ్చినది. ఆ లోహములో నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా జింకు, నాలుగు పాళ్లు అల్యూమినియము, తక్కినది కొద్దిపాటి రాగి, మెగ్నీషియము. ఇది సుమారు 385 డిగ్రీల సెల్సియసు వేడిమికే కరగును గనుక అచ్చులు త్వరగా చెడవు. పూర్వకాలపు బొమ్మలలో కొన్నిటియందు సీసము కలియుటవలన, ఏండ్లు గడచినకొలది అవి బీటలువారి పొడియైపోయెడివి.

ఇంగ్లండులో లెస్నీ యను కర్మాగారమున జాక్ ఓడెల్ అను యంత్రశిల్పి యుండెను. ఆయన కుమార్తె చదువు బడిలో, అగ్గిపెట్టెలో పట్టునంతటి బొమ్మలను మాత్రమే పిల్లలు తెచ్చుకొనవచ్చునని నియమముండెనట. తండ్రి ఆమెకై చిన్న ఇత్తడి రోడ్డురోలరును చేసియిచ్చెను. దాని ననుసరించియే 1953లో 'మ్యాచ్‌బాక్సు' బొమ్మలు బయలుదేరినవి. అవి చూచుటకు ముచ్చటగా నుండెడివి గాని పరుగులో మందకొడివి. 1968లో అమెరికాలోని మాటెల్ సంస్థ 'హాట్ వీల్సు' అను పేర పదునారు కార్లను విడుదల చేసెను. వానికి సన్నని తీగవంటి ఇరుసులను, రాపిడి మిగుల తక్కువగానుండు చక్రములను అమర్చిరి. వానితోపాటు నారింజరంగు ప్లాస్టికు దారియు వచ్చినది. సరిగా ఆ సంవత్సరముననే పాతబస్తీలోని సాలార్‌జంగు మ్యూజియము మూసీ యొడ్డున నున్న ఇప్పటి భవనములోనికి మారినది. అందలి బాలల విభాగమున పూర్వకాలపు బొమ్మలు అద్దపు బీరువాలలో కదలక నిలిచియుండును. వానికిని ఈ క్రొత్త బొమ్మలకును గల భేదమంతయు ఇరుసులోనే యున్నది.

పందెపు కారునకు ఇంజను లేదు. ఎత్తునుండి పల్లమునకు భూమ్యాకర్షణయే దానిని లాగును. గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథమున ఇట్టి ప్రయోగమునే వర్ణించెను. ఆయన కొయ్యలో నున్నని గాడి తొలిపించి, దానిని ఏటవాలుగా నిలిపి, అందు కంచుగుండును దొర్లించెను. నేటి గడియారములు లేని కాలము గనుక, తొట్టినుండి సన్నని ధారగా కారిన నీటిని పట్టి, దానిని తూచి కాలమును లెక్కించెను. నారింజరంగు దారికి ఆ కొయ్యగాడి ముత్తాత యనవచ్చును.

ఒక మీటరు ఎత్తునుండి దిగిన కారు, రాపిడియు గాలి యడ్డును లేనిచో, అడుగునకు వచ్చుసరికి సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగము నందుకొనును. అనగా గంటకు 16 కిలోమీటర్లు. ఈ బొమ్మలు అసలు కార్లలో 64వ వంతు గనుక, కొందరు ఆ వేగమును 64చే హెచ్చించి, గంటకు వేయి కిలోమీటర్లని చెప్పి మురియుదురు. బొమ్మ చిన్నదైనంత మాత్రమున గాలియు భూమ్యాకర్షణయు చిన్నవి కావు గదా! ఆ లెక్క వినోదమునకే గాని శాస్త్రమునకు పనికిరాదు.

భూమ్యాకర్షణ యొక్కటే పనిచేసినచో బరువైన కారును తేలికైన కారును కలిసియే దిగవలెను. అట్లయిన నిర్వాహకుడు త్రాసు నేల ముందుంచుకొనును? ఒకే ఆకారముగల రెండు కార్లను తలచుకొనుడు. ఒకటి 35 గ్రాములు, రెండవది 55 గ్రాములు. గాలి ఆ రెండింటిని ఒకే బలముతో అడ్డగించును. అదే బలము తేలిక కారును ఎక్కువగను, బరువు కారును తక్కువగను మందగింపజేయును. ఇరుసుల రాపిడి బరువుతోపాటు పెరుగును గనుక దానివలన ఎవరికిని లాభములేదు. గాలివలననే బరువు కారునకు మేలు కలుగుచున్నది. మరియు బరువును కారు వెనుకభాగమున అమర్చినచో, ఏటవాలుపై నిలిచినపుడు ఆ బరువు కొంచెము ఎత్తున నుండి, దిగుటకు మరికొంత ఎత్తు లభించును. ఈ రహస్యములు తెలిసినవారు కారును విప్పి, లోపల సీసపు ముక్కల నతికించి, ఇరుసులకు గ్రాఫైటు పొడి పూసి, మరల బిగింతురు. బండిని చేతితో రూపొందించు నేర్పు పాతబస్తీకి క్రొత్త గాదు. బహదూర్‌పురాలో 2010లో తెరచిన సుధా కార్ల మ్యూజియమున బూటు, పుస్తకము, క్రికెట్టు బ్యాటు మొదలగు ఆకారములతో కె. సుధాకర్ నిర్మించిన కార్లు నిజముగా నడచునవే.

కావున ప్రతి పందెమునకును బరువు హద్దు అవసరము. అమెరికాలో బాలస్కౌట్లు కొయ్యకార్లతో 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచిలో ఆరంభించిన పందెమున అయిదు ఔన్సుల హద్దు, అనగా సుమారు 142 గ్రాములు, ప్రసిద్ధము. కాని ఆ స్కౌటు తన కారును తానే తెచ్చును. బరువెక్కువైనచో అక్కడికక్కడే కొంత గీకివేయును. తపాలా పందెములో అది కుదరదు. కర్నూలులోని విద్యార్థి తన యింటి త్రాసుపై 55 గ్రాములని చూచి పంపిన కారు, పాతబస్తీలోని త్రాసుపై 55.4 గ్రాములు తూగినదనుకొనుడు. హద్దు 55. ఎవరిని తప్పుపట్టవలెను? ఎవరును మోసము చేయలేదు. రెండు త్రాసులు ఏకీభవింపలేదు. దీనికొక సులభోపాయము కలదు. పది రూపాయల నాణెము సుమారు 7.7 గ్రాములు తూగును. తన త్రాసుపై పది నాణెములు ఎంత తూగినవో నిర్వాహకుడు ముందుగానే ప్రకటించినచో, పంపువారును తమ త్రాసుపై అట్లే తూచి భేదమును తెలిసికొందురు. ఇట్టి చిన్న జాగ్రత్తయే లేక ఎన్నియో స్నేహములు చెడును.

దారి విషయమున తగవులు అంతకంటె సూక్ష్మమైనవి. ప్రక్కప్రక్కనే పరచిన నాలుగు దారులు కంటికి సమానముగ కనబడును. ఒకదానిలో అతుకు వెంట్రుకవాసి లేచియుండును. మలుపున లోపలి దారి పొట్టిది, వెలుపలిది పొడుగు. అందుచేత ప్రతి కారును ప్రతి దారిపైనను పరుగెత్తించి, ఫలితములను కలిపి చూడవలెను. పందెమునకు ముందు ఒకే కారును నాలుగు దారులపైనను పలుమారులు విడిచినచో ఏ దారి సోమరియో తెలియును. కార్లను వ్రేళ్లతో పట్టి విడువరాదు. వ్రేలు ఎంత నిజాయితీపరునిదైనను రెండవ వ్రేలికంటె ముందో వెనుకో లేచును. అన్ని కార్ల ముందును ఒకే అడ్డుకర్ర నిలిపి, దానిని ఒక్కమారుగా తొలగింపవలెను.

చివరి గీతకడ కంటిని నమ్మరాదు. సెకనుకు నాలుగు మీటర్లు పోవు కారు, సెకనుకు 30 చిత్రములు తీయు కెమెరాలో ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు 13 సెంటీమీటర్లు జరిగిపోవును. కారు పొడవే ఏడు సెంటీమీటర్లు! గీతను దాటిన క్షణము ఆ రెండు చిత్రముల నడుమ జారిపోవచ్చును. సెకనుకు 240 చిత్రములు తీసినచో ఆ యెడము రెండు సెంటీమీటర్లకు లోపే. నేటి చేతిఫోనులలో చాలవరకు అట్టి సదుపాయము కలదు.

ఇంతటి ఏర్పాటు చేసినను దూరమున నున్నవాని మనస్సున ఒక ప్రశ్న మిగులును: 'నేను లేనపుడు నా కారునేమి చేసిరి?' అందుచేతనే మంచి నిర్వాహకుడు కొన్ని పనులను చేయడు. ఒక కారునకు చక్రము బిగిసి వచ్చినను, అట్టివి సవరింతునని ముందుగా ప్రకటింపక దానిని మాత్రమే సవరింపడు. ఏ కారు ఎట్లు వచ్చెనో అట్లే పరుగెత్తును. ఒకదానికి నూనెచుక్క వేసినచో అన్నిటికి వేయవలెను. లేదా దేనికిని వేయరాదు. చిత్రమును నడుమ కత్తిరింపడు. కారు దారినుండి ఎగిరిపడినచో మరల పరుగెత్తింపవలెనా, ఓటమిగా లెక్కింపవలెనా అనునది పందెమునకు ముందే వ్రాసి పంపును. పడినది ఎవరి కారో చూచిన పిదప నిర్ణయింపడు. నిర్వాహకుని సొంత కారు పందెములో లేకుండుటయే మేలు. అది గెలిచినచో, న్యాయముగ గెలిచినను, నమ్మువారుండరు.

వచ్చిన కార్లకు పుస్తకమొకటి పెట్టవలెను. చేరిన తేది, తూనిక, అప్పటి ఛాయాచిత్రము అందుండవలెను. రెండు ఎఱ్ఱ కార్లు ఒకే విధముగ నుండుట తరచు గనుక అడుగున అంకె చీటి అంటింపవలెను. దారి కొసను మెత్తని గుడ్డ పరచినచో రంగు పెచ్చులూడదు. ఒకవేళ ఊడినచో, యజమాని కనుగొనకముందే తెలియజేయుట నిర్వాహకుని పని.

పాతబస్తీలోని ఒక పాఠశాల ఇట్టి పందెమును జరుపబూనినచో పెద్ద వ్యయములేదు. మేజ ఎత్తునుండి వరండా పొడుగున దారి పరచవచ్చును. పంపువారు కారును గుడ్డలో చుట్టి, చక్రములపై ఒత్తిడి పడకుండ అట్టపెట్టెలో నుంచవలెను. తపాలాలో వంగిన ఇరుసు పందెమునకు ముందే ఓడినట్లు. మరలి పంపుటకు వలయు తపాలా ఖర్చును, చిరునామాను పెట్టెలోనే యుంచవలెను. 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చిన పిన్‌కోడు ఆరంకెలును తప్పక వ్రాయవలెను. చార్మినారు ప్రాంతమునకు 500002. ఒక్క అంకె మారినచో కారు వేరొక ఊరికి ప్రయాణము చేయును.

పందెము ముగిసినపిమ్మట గెలిచిన కారును, ఓడిన కార్లును ఒకేవిధముగ చుట్టబడి తపాలా కచేరికి పోవును. ప్రతి పెట్టెలో నాలుగు దారులపై ఆ కారు పట్టిన కాలములను వ్రాసిన చీటి యొకటి యుండును. కర్నూలు విద్యార్థి పెట్టె విప్పి, మొదట కారును త్రిప్పి అడుగున అంకె చూచుకొనును. రంగు చెక్కుచెదరలేదని తెలిసిన పిదప చీటిని చదువును. మూడు దారులలో తన కారు మూడవదిగా వచ్చినది. వెలుపలి దారిలో మాత్రము కడపటిదైనది. మలుపున అది గోడను రాచుకొనినదేమో! వెంటనే కారును మేజపై విడిచి చూచును. అది తిన్నగా పోవక కొంచెము ఎడమకు తిరుగుచున్నది. ముందు ఇరుసు వంగియున్నది. వాడు సన్నని పటకారు తెచ్చుకొని కిటికీ వెలుతురులో కూర్చుండును; నిర్వాహకునికి వ్రాయవలసిన ఉత్తరము, తరువాతి పందెపు తేది యెన్నడని యడుగునది, ఇరుసు తిన్ననైన పిదప.