దుప్పటి కింద కొండ

ఇంట్లో దుప్పటి చిరిగితే ఏం చేస్తాం? బాగున్న ముక్క కోసి చంటిబిడ్డకు పక్కగుడ్డ చేస్తాం. నాలుగు ముక్కలు కలిపి బొంత కుడతాం. మిగిలింది వంటింట్లో మసిగుడ్డ అవుతుంది. పాత గుడ్డను ఎవరూ ఊరికే పారెయ్యరు.

ఇంగ్లండులో కొందరు పాత దుప్పటిని ఇంకో పనికి కూడా వాడతారు. దానితో కొండలు చేస్తారు. తువ్వాలుతో పచ్చిక బయలు చేస్తారు. నీలం గుడ్డతో ఏరు పారిస్తారు. బల్ల మీద పొలాలు, దారులు, ఇళ్లు అన్నీ నిలబెడతారు.

సంక్రాంతికి మన ఇళ్లలో బొమ్మల కొలువు పెడతారు కదా! మెట్ల మీద గుడ్డ పరిచి బొమ్మలు పేరుస్తారు. చూడటానికి ఇదీ అలాగే ఉంటుంది. అయితే ఇది పండుగ కోసం కాదు, ఒక ఆట కోసం. ఆ ఆటను వార్‌గేమ్ అంటారు. అంటే యుద్ధం ఆట.

ఆట ఎలా ఆడతారు?

మామూలుగా ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరికి ఒక సేన ఉంటుంది. సైనికులంటే అంగుళం ఎత్తు బొమ్మలు. చదరంగంలో లాగా గళ్లు ఉండవు. దర్జీ టేపుతో దూరం కొలిచి బొమ్మలను జరుపుతారు. దెబ్బ తగిలిందో లేదో పాచికలు వేసి తేల్చుకుంటారు.

ఈ ఆటలో నేల చాలా ముఖ్యం. చదును నేల మీద సేన త్వరగా నడుస్తుంది. అడవిలో మెల్లగా నడుస్తుంది. ఏరు దాటాలంటే వంతెన కావాలి. కొండ అడ్డం ఉంటే అవతలివాళ్లు కనపడరు. కనపడని వాళ్లను కాల్చకూడదు. అందుకే నేలను అంత శ్రద్ధగా తయారు చేస్తారు.

ఈ ఆట మొదట వినోదం కోసం పుట్టలేదు. 1824లో ప్రష్యా అనే దేశంలో సైన్యాధికారులకు యుద్ధం నేర్పడానికి ఇలాంటి ఆట వాడారు. వాళ్లు పటాల మీద ఆడేవారు. ఆ తరువాత ఆట ఇళ్లలోకి వచ్చింది.

వాటర్లూ కథ

ఇంగ్లండులో ఈ ఆట ఆడేవాళ్లకు ఇష్టమైన యుద్ధాల్లో వాటర్లూ ఒకటి. అది 1815 జూన్ 18న జరిగింది. ఆ చోటు ఇప్పుడు బెల్జియం దేశంలో ఉంది. ఒక పక్క ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్. ఇంకో పక్క ఇంగ్లండు సేనాపతి వెల్లింగ్టన్. ఈయన అంతకు ముందు మన దేశంలో పని చేసినవాడే. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లినప్పుడు హైదరాబాదు నిజాం పంపిన సేనతో కలిసి నడిచాడు.

వాటర్లూలో పెద్ద కొండలు లేవు. రెండు పొడుగాటి మిట్టలు, వాటి మధ్య పల్లం, అంతే. ఉత్తరం మిట్ట మీద వెల్లింగ్టన్, దక్షిణం మిట్ట మీద నెపోలియన్ నిలిచారు. పల్లంలో పంట నిలువెత్తు పెరిగి ఉంది. మధ్యలో ఒక బాట. ఆ బాట పక్కన ఒక పొలం ఇల్లు. పడమర తోట ఉన్న ఇంకో పొలం ఇల్లు. ఈ నేలనే గుడ్డలతో చేద్దాం.

కావలసినవి

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల. పాత నూలు దుప్పటి. పాత పుస్తకాలు. పాత టర్కీ తువ్వాలు. అరిగిన కొబ్బరి పీచు కాళ్లపట్టా. చారలు ఉబ్బెత్తుగా ఉండే కార్డురాయ్ గుడ్డ. ఆకుపచ్చ రంగు పొడి, టీ డికాక్షన్, గంజి, అగ్గిపెట్టెలు.

చేసే పద్ధతి

1. దుప్పటికి ఆకుపచ్చ రంగు వెయ్యాలి. పూలు, గళ్లు ఉన్న దుప్పటి పనికిరాదు. రంగు ఆరాక డికాక్షన్‌లో గుడ్డ ముంచి అక్కడక్కడా అద్దాలి. అక్కడ మట్టిరంగు వస్తుంది. నిజం నేల ఎప్పుడూ ఒకే పచ్చగా ఉండదు కదా!

2. బల్లకు ఆ పొడవునా, ఈ పొడవునా పుస్తకాలు వరసగా పేర్చాలి. పెద్దవి కింద, చిన్నవి పైన, మెట్లలాగా పెట్టాలి. రెండంగుళాల ఎత్తు చాలు. ఏటవాలు ఎక్కువైతే బొమ్మలు జారి పడతాయి.

3. దుప్పటి మీద నీళ్లు చిలకరించి పిండాలి. పుస్తకాలు తడవకుండా పైన ప్లాస్టిక్ కాగితం వెయ్యాలి. అప్పుడు దుప్పటి పరిచి అరచేత్తో అదమాలి. తడి గుడ్డ పుస్తకాల మీద చక్కగా కూర్చుంటుంది. పొడి గుడ్డ అయితే ముడతలు లేచి గుడారంలాగా నిలబడుతుంది.

4. కాళ్లపట్టాను చదరంగా కోసి పల్లంలో పెట్టాలి. నిక్కబొడుచుకున్న పీచు పండిన పంటలాగా కనపడుతుంది. కార్డురాయ్ గుడ్డ దున్నిన చేను అవుతుంది. దాని చారలే నాగటిచాళ్లు. తువ్వాలుకు పచ్చరంగు వేస్తే పచ్చిక అవుతుంది.

5. మట్టిరంగు గుడ్డను రెండంగుళాల పీలికగా కోస్తే బాట తయారు. కోసిన అంచున పోగులు ఊడిపోతాయి. అంచుకు చిక్కటి గంజి రాస్తే ఊడవు. అగ్గిపెట్టెలతో రెండు పొలం ఇళ్లు చేసి పెట్టాలి.

గట్టి కొండ కావాలంటే

ప్రతిసారీ పుస్తకాలు పేర్చనక్కరలేదు. గుడ్డను చిక్కటి గంజిలో ముంచాలి. కాగితం ఉండల మీద పరిచి ఎండలో పెట్టాలి. ఎండాక గుడ్డ గట్టిపడి కొండలాగా నిలుస్తుంది. గంజి పెట్టిన చీర బిరుసెక్కేది ఎందుకు? గంజి పోగుల్లోకి దిగి, ఎండాక వాటిని ఒకదానికొకటి అంటిస్తుంది. ఇదీ అంతే. దీనికి నూలు గుడ్డే మంచిది. పాలిస్టర్ గుడ్డ గంజిని సరిగా పీల్చుకోదు. ఒక్క జాగ్రత్త. గంజికి బొద్దింకలు, ఎలుకలు వస్తాయి. ఎక్కువ కాలం దాచుకోవాలంటే గంజి బదులు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి వాడాలి.

వంగి చూస్తే తెలిసేది

ఉత్తరం మిట్ట వెనక వాలులో వెల్లింగ్టన్ సైనికులను పెట్టండి. దక్షిణం మిట్ట మీద నెపోలియన్ బొమ్మ పెట్టండి. ఇప్పుడు నెపోలియన్ వెనక మోకాళ్ల మీద కూర్చుని, అతని కళ్ల ఎత్తుకు వంగి చూడండి. ఏం కనపడుతుంది? మిట్ట కనపడుతుంది. దాని వెనక ఎంతమంది ఉన్నారో కనపడదు.

ఆ రోజు జరిగింది ఇదే. వెల్లింగ్టన్ తన సేనలో చాలామందిని మిట్ట వెనక దాచాడు. అంతకు ముందు రాత్రి పెద్ద వాన కురిసింది. నేల బురదైంది. ఫిరంగులు లాగడం కష్టమైంది. నేల ఆరాలని నెపోలియన్ దాదాపు మధ్యాహ్నం దాకా ఆగాడు. గుండ్లు కూడా చాలావరకు బురదలో కూరుకుపోయాయి. సాయంత్రానికి తూర్పు నుంచి ప్రష్యా సేన వెల్లింగ్టన్‌కు తోడు వచ్చింది. నెపోలియన్ ఓడిపోయాడు.

మిట్ట, బురద, ఎదిగిన పంట. రాజులతో పాటు ఇవి కూడా యుద్ధాన్ని నడిపాయి. ఆ ఒక్క రోజున చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి నలభై వేలకు పైనే.

యుద్ధం ఆట, యుద్ధం

ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ అనే పెద్ద రచయిత ఉండేవాడు. ఆయనకు బొమ్మ సైనికులతో ఆడటం ఇష్టం. ఇంట్లో నేల మీదే పుల్లలతో చెట్లు, అట్టలతో ఇళ్లు నిలబెట్టేవాడు. చిన్న కర్రముక్కలు పేల్చే బొమ్మ ఫిరంగులతో ఆడేవాడు. 1913లో ఈ ఆట గురించి "లిటిల్ వార్స్" అనే పుస్తకం రాశాడు. ఈ ఆట మూడు నాలుగుసార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందని అందులో చెప్పాడు.

ఆ మరుసటి ఏడే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. నాలుగేళ్లు సాగింది. మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రం దాటి వెళ్లారు. వాళ్లలో సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు.

బల్ల మీద ఆట అయిపోతే పడిపోయిన బొమ్మలను ఏరి పెట్టెలో పెడతారు. పుస్తకాలు అలమరలోకి పోతాయి. దుప్పటి దులిపి మడత పెడతారు. మళ్లీ ఆదివారం అవే బొమ్మలు లేచి నిలబడతాయి.

చెప్పండి చూద్దాం

1. వెల్లింగ్టన్ తన సైనికులను మిట్ట వెనక ఎందుకు దాచాడు?
2. గంజి పెట్టిన గుడ్డ ఎందుకు గట్టిపడుతుంది?
3. మీ ఊరి చెరువు, గట్టు, పొలాలు గుడ్డలతో చెయ్యాలంటే దేనికి ఏ గుడ్డ వాడతారు?
4. వెల్స్ చెప్పిన మాట నిజమేనా? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.