కనురెప్ప చెప్పే కబురు

బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం నింపుకొని విశాఖపట్నం రేవుకు వచ్చే గూడ్సు బండిని మీరు ఎప్పుడైనా చూశారా? సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ దాటి, అనంతగిరి కొండల్లో సొరంగాలు ఒక్కొక్కటే దూరుతూ ఆ బండి కిందికి దిగుతుంది. దానిని నడిపేది ఇంజను. కాపాడేది మాత్రం బ్రేకు. కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి!

మన శరీరంలో కూడా ఇలాంటి బ్రేకులు ఉన్నాయి. వాటిని సడలించే ఒక కాన్సర్ మందు గురించి, కండరాల నీరసానికి వాడే ఒక చిన్న మాత్ర గురించి, ఆ రెండూ ఒకే మనిషికి అవసరమైతే వచ్చే చిక్కు గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

కావలివాళ్ళకు బ్రేకు ఎందుకు?

మన రక్తంలో టి-కణాలు అనే తెల్లకణాలు ఉన్నాయి. ఇవి మన కావలివాళ్ళు. సూక్ష్మజీవులు సోకిన కణాలను, దారితప్పిన కణాలను పట్టి చంపుతాయి. కాని కావలివాళ్ళు మరీ రెచ్చిపోతే సొంత ఇంటినే ధ్వంసం చేస్తారు గదా! అందుకే టి-కణం పైపొరమీద ప్రకృతి బ్రేకులు అమర్చింది. అలాంటి ఒక బ్రేకు పేరు పి.డి.-1. దీనిని జపాను శాస్త్రజ్ఞుడు తసుకు హోంజో బృందం 1992లో కనుగొన్నది.

కాన్సర్ కణం చాలా జిత్తులమారిది. అది టి-కణం దగ్గరకు రాగానే ఈ బ్రేకును నొక్కేస్తుంది. కావలివాడు చేతులు ముడుచుకొని నిలబడిపోతాడు. కాన్సర్ గడ్డ నిశ్చింతగా పెరుగుతుంది. మరి ఆ బ్రేకు నొక్కడానికి వీలులేకుండా మూతవేస్తే? పెంబ్రోలిజుమాబ్ అనే మందు చేసే పని అదే. 2014లో అమెరికాలో దీని వాడకానికి అనుమతి లభించింది. ఇటువంటి చికిత్సకు దారి చూపినందుకు హోంజోకు, మరొక బ్రేకుపై పరిశోధించిన అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ అలిసన్‌కు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

కండరానికి కబురు ఎలా అందుతుంది?

ఇక కండరం సంగతి చూద్దాం. మీ పిడికిలి మూసి తెరవండి. మెదడు పంపిన ఆజ్ఞ నాడి చివరిదాకా విద్యుత్తుగా వచ్చింది. కాని నాడికీ కండరానికీ మధ్య అతి సన్నని సందు ఉంది. ఆ సందు దాటడానికి నాడి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కండరం మీద దానిని అందుకొనే గ్రాహకాలు ఉంటాయి. కబురు అందగానే కండరం ముడుచుకొంటుంది. వెంటనే ఒక ఎంజైము వచ్చి ఆ రసాయనాన్ని ఊడ్చివేస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు లెక్కల్లో జరిగిపోతుంది!

మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బులో శరీరం తన గ్రాహకాలనే శత్రువులనుకొని వాటిమీద ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. గ్రాహకాలు తగ్గిపోతాయి. కబురు పంపేవాడు ఉన్నా అందుకొనేవాళ్ళు చాలరన్నమాట. అందుకే ఈ రోగి ఉదయం బాగానే ఉంటాడు. పనిచేసేకొద్దీ నీరసిస్తాడు. సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి. ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. మింగడం, మాట్లాడడం కష్టమవుతుంది. జబ్బు ముదిరితే ఊపిరి తీసే కండరాలే అలసిపోతాయి. ప్రాణాపాయం అక్కడే ఉంది.

1934లో ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు ఒక విషయం గమనించింది. ఈ రోగుల అవస్థ క్యురారే విషం ఎక్కినవాళ్ళ అవస్థలా ఉంది. అలాగైతే ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఇక్కడా పనిచేయాలి గదా! ఇచ్చి చూసింది. రోగి బలం పుంజుకొన్నది. ఆ మందు జాతికే చెందిన పిరిడోస్టిగ్మిన్ మాత్రను నేడు వాడుతున్నారు. ఇది ఊడ్చే ఎంజైమును కాసేపు ఆపుతుంది. ఎసిటైల్‌కోలిన్ సందులో ఎక్కువసేపు నిలుస్తుంది. మిగిలిన కొద్ది గ్రాహకాలకైనా కబురు గట్టిగా అందుతుంది.

రెండు మందులూ కలిస్తే?

ఒక పెద్దాయనకు మయస్తీనియా ఉంది. ఆయనకు ఊపిరితిత్తుల కాన్సర్ కూడా వచ్చిందనుకుందాం. ఈ రెండు మందులూ ఒకదానినొకటి చెడగొడతాయా?

నేరుగా చెడగొట్టవు. పెంబ్రోలిజుమాబ్ ఒక పెద్ద ప్రోటీను. శరీరం దానిని మెల్లగా ముక్కలుచేసి అమైనో ఆమ్లాలుగా మార్చుకొంటుంది. పిరిడోస్టిగ్మిన్ చిన్న అణువు. చాలావరకు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. రెండింటి దారులూ వేరు. చిక్కు మందుల మధ్య లేదు, అవి పనిచేసే శరీరంలో ఉంది. బ్రేకు వదలగానే టి-కణాలు కాన్సర్ మీదికే కాక సొంత కణజాలం మీదికి కూడా పోవచ్చు. అణగి ఉన్న మయస్తీనియా తిరగబెట్టవచ్చు. అసలు ఆ జబ్బే లేనివారికి కొత్తగా రావచ్చు. ఇలా రావడం అరుదు, నూటికి ఒకరికి కూడా రాదు. వస్తే మాత్రం తీవ్రంగా ఉంటుంది. తరచు మొదటి మూడు నెలల్లోనే బయటపడుతుంది. కొందరిలో గుండె కండరం కూడా వాస్తుంది.

అప్పుడు మాత్ర మోతాదు పెంచితే చాలదా? చాలదు. పిరిడోస్టిగ్మిన్ కబురును గట్టిచేస్తుందే తప్ప దాడిని ఆపదు. మోతాదు మించితే చొంగ కారడం, కడుపునొప్పి, తిరిగి నీరసం కూడా వస్తాయి. పైగా అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గుండె వాచిన రోగికి ఇది మంచిది కాదు. అందుకే డాక్టర్లు ఇ.సి.జి. తీసి చూస్తారు. దాడిని ఆపడానికి స్టెరాయిడ్లు ఇస్తారు. అంటే వదిలిన బ్రేకును మళ్ళీ వేయడమే! అది ఎక్కువైతే కాన్సర్ మీద పోరు సన్నగిల్లవచ్చు. కాన్సర్ మందు ఆపినా దాని ప్రభావం వెంటనే పోదు. రక్తంలో అది సగానికి తగ్గడానికే సుమారు 22 రోజులు పడుతుంది. కాబట్టి కాన్సర్ వైద్యుడు, నాడీ వైద్యుడు కూర్చొని రోగి రోగికీ విడిగా తూకం వేయవలసి ఉంటుంది.

కండరం, కాన్సర్ రెండింటి పరిశోధనలోనూ మన తెలుగువాడొకరు ఉన్నాడని మీకు తెలుసా? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్క్‌తో కలిసి 1927లో వెల్లడించింది ఆయనే. పిల్లల రక్తకాన్సర్‌ను 1948 నాటికి మొదటిసారిగా కొంతకాలమైనా అణచిన అమినోప్టెరిన్ ఆయన బృందం తయారుచేసినదే.

మీరు చేయగల పని

నేడు విశాఖ ఉక్కునగరానికి దగ్గరలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీభాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది. అలాంటి చోటికి మీ ఇంటి పెద్దవారెవరైనా వెళ్ళవలసివస్తే, వారు వాడే మందుల చీటీలన్నీ మీరే ఒక సంచిలో సర్ది ఇవ్వండి. కళ్ళకూ కండరాలకూ వేసుకొనే మాత్రలను కాన్సర్ డాక్టరుకు చెప్పనక్కరలేదని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. ఈ చికిత్స పొందుతున్న తాతగారి కనురెప్ప సాయంత్రం వాలిపోతున్నా, గొంతు ముక్కుతో మాట్లాడినట్లు మారినా, మింగేటప్పుడు పొరబోతున్నా 'వయసు వల్లలే' అని ఊరుకోకండి. అదే రోజు డాక్టరుకు చెప్పించండి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

కొండ దిగే బండిలో బ్రేకు తేడాను ముందుగా పసిగట్టేది దానిని రోజూ కనిపెట్టి చూసేవాడే. ఇంట్లో ఆ పని మీరు చేయగలరు.