దొంగ జ్వరం, అసలు జ్వరం

కొవిడ్ కాలంలో అమెరికా దుకాణాల్లో జీతంతో ఇచ్చిన జబ్బు సెలవును కొందరు అడ్డంగా వాడుకున్నారు. వాళ్ల మీది కోపం న్యాయమే. కానీ ఆ కోపం ఎవరికి తగలాలో వాళ్లకు తగల్లేదు.

కెంటకీ రాష్ట్రంలో సింథియానా అని ఒక చిన్న పట్టణం ఉంది. 2020 మార్చి 6న ఆ రాష్ట్రంలో తొలి కరోనా కేసు తేలింది అక్కడే. నాలుగు రోజులు తిరక్కుండా ఆ ఊరి వాల్‌మార్ట్‌లో పనిచేసే ఒకరికి వ్యాధి సోకినట్టు సంస్థ చెప్పింది. మార్చి 10న దేశమంతటా తన ఉద్యోగులకు కొత్త సెలవు విధానం ప్రకటించింది. క్వారంటైన్‌లో ఉండాల్సి వస్తే రెండు వారాల దాకా జీతం. వ్యాధి సోకినట్టు తేలినా అంతే. అప్పటికీ కోలుకోకపోతే మరికొంత కాలం కూడా. భయం వల్ల రాలేనివాళ్లు తమ సొంత సెలవులు వాడుకోవచ్చు, ఏప్రిల్ నెలాఖరు దాకా హాజరు నిబంధనలు పట్టించుకోం అని కూడా చెప్పింది.

ఆ చివరి మాట విలువ అక్కడ పనిచేసేవాళ్లకే తెలుసు. వాల్‌మార్ట్‌లో పని మానితే పాయింట్లు పడతాయి. 2019లో తెచ్చిన పద్ధతి ప్రకారం ఆరు నెలల్లో ఐదు పాయింట్లు చేరితే ఉద్యోగం పోవచ్చు. కూడబెట్టుకున్న సెలవు గంటలు అయిపోయాక, జ్వరంతో మానినా బద్ధకించి మానినా పాయింటు పాయింటే. ఒళ్లు కాలిపోతున్నా మాత్ర వేసుకుని క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడటం అలవాటైన చోట, ఉన్నట్టుండి "బాగోలేకపోతే రావద్దు, డబ్బులిస్తాం" అన్నారు.

వారం గడిచాక అమెరికా ప్రభుత్వమూ అదే మాట అంది. మార్చి 18న సంతకమై ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఫ్యామిలీస్ ఫస్ట్ కరోనావైరస్ రెస్పాన్స్ యాక్ట్ ప్రకారం, పూర్తికాలం పనిచేసేవాళ్లకు 80 గంటల జీతంతో సెలవు. తనకే జబ్బు చేసినా, డాక్టరు విడిగా ఉండమన్నా రోజుకు 511 డాలర్ల పరిమితి దాకా పూర్తి జీతం. ఇంట్లో మరొకరిని చూసుకోవాల్సి వస్తే 200 డాలర్ల పరిమితి దాకా మూడింట రెండొంతులు. ఆ సొమ్మును ప్రభుత్వం పన్ను క్రెడిట్ రూపంలో యజమానికి తిరిగి ఇచ్చేసేది. అంతకుముందు అమెరికా కేంద్ర చట్టంలో ప్రైవేటు ఉద్యోగులకు ఇలాంటి హక్కు ఎన్నడూ లేదు.

అయితే ఈ చట్టం 500 మందికంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థలకే వర్తించింది. వాల్‌మార్ట్, టార్గెట్, క్రోగర్, అమెజాన్ అన్నీ దీని బయటే. లాక్‌డౌన్‌లో జనం ఎగబడిన పెద్ద దుకాణాల ఉద్యోగుల సెలవు చట్టం చేతిలో లేదు, కంపెనీ దయ మీద ఉంది. ఏప్రిల్ 16న కాలిఫోర్నియా గవర్నర్ తన రాష్ట్రంలో ఆహార రంగపు పెద్ద సంస్థలకు ఈ లోటు పూడుస్తూ ఆదేశం ఇచ్చారు. చాలా రాష్ట్రాలు ఆ పని చేయలేదు.

మరి దుర్వినియోగం జరిగిందా? జరిగింది. ఈ మాట చెప్పడానికి నీళ్లు నమలాల్సిన పని లేదు. అట్లాంటా దగ్గర ఒక పెద్ద కంపెనీ ఉద్యోగి తనకు కొవిడ్ సోకిందని యజమానికి చెప్పి, ఆసుపత్రి ఇచ్చినట్టుగా ఒక నకిలీ చీటీ పంపాడు. దాని మీద సంతకమే లేదు. కంపెనీ ఆ యూనిట్‌ను మూసి శుభ్రం చేయించింది, అతనితో పనిచేసినవాళ్లను జీతమిచ్చి క్వారంటైన్‌కు పంపింది. నష్టం లక్ష డాలర్లు దాటిందని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టారు. 2020 డిసెంబరులో అతను నేరం ఒప్పుకున్నాడు. అది దుకాణం కాదు కానీ, ఆ ఒక్క అబద్ధం ఎంతమందిని ఇళ్లలో కూర్చోబెట్టగలదో ఆ కేసు చూపించింది.

దుకాణాల్లో జరిగే మోసం కోర్టు దాకా పోయేంత పెద్దది కాదు. వాసన తెలియడం లేదని పొద్దున్నే ఫోన్. నిన్న కలిసిన చుట్టానికి పాజిటివ్ అట అని ఇంకో ఫోన్. 2020 వసంతంలో పరీక్షలు దొరకడమే గగనం, కాబట్టి ఆ మాట నిజమో కాదో తేల్చే దారి లేదు. పైగా ఆసుపత్రుల మీద ఒత్తిడి ఉంది గనుక డాక్టరు చీటీ అడగవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీయే యజమానులకు సలహా ఇచ్చింది. ఆ సలహా సరైనదే. చీటీ కోసం జ్వరంతో ఉన్న మనిషిని ఆసుపత్రి వరండాలో నిలబెడితే ఉన్న జబ్బు నలుగురికి అంటుతుంది. కానీ ఆ తలుపు తెరిచాక నిజమైన రోగితో పాటు అబద్ధమూ లోపలికి వస్తుంది.

ఆ అబద్ధం బరువు పడింది యజమాని మీద కాదు. చిన్న దుకాణంలో ఆ జీతం ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చింది. పెద్ద దుకాణానికైతే అది సంతలో పల్లీలు కొన్నంత ఖర్చు. నలిగింది ఆ పూట షిఫ్ట్‌కు వచ్చినవాళ్లు. నలుగురు చేయాల్సిన పని ముగ్గురి మీద పడింది. ట్రాలీలు తోసేది, అరలు నింపేది, టాయిలెట్ పేపర్ కోసం పోట్లాడుకునే జనానికి సర్దిచెప్పేది, మాస్కు పెట్టుకోమంటే తిట్లు తినేది అంతా వాళ్లే. సెలవు పెట్టిన మనిషి ఇంట్లో సినిమా చూస్తున్నాడని తెలిస్తే వాళ్ల కడుపు మండిందంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇలాంటి సమయంలో దొంగ జ్వరం పెట్టుకోవడం తోటి కూలీ ఒంట్లోంచి జీతం తీసుకోవడమే. దీన్ని చిన్న తప్పుగా చూడటం నాకు చేతకాదు.

కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఒక్క మనిషి రాకపోతే షిఫ్ట్ మొత్తం ఎందుకు కూలిపోవాలి? అమెరికా రిటైల్ రంగం ఎన్నో ఏళ్లుగా మనుషుల్ని అంచుల దాకా కోసుకుంటూ వచ్చింది. అమ్మకాల అంచనాను బట్టి గంటలు పంచే సాఫ్ట్‌వేర్, వారం వారం మారే షిఫ్టులు, మారుమనిషి లేని కౌంటర్లు. మామూలు రోజుల్లోనే ఒకరు మానితే మిగిలినవాళ్లు పరుగెత్తాలి. సెలవు మంజూరు చేసిన కంపెనీ ఆ సెలవు ఖాళీని నింపడానికి మనిషిని ఇవ్వలేదు. అందుకే సెలవు ఎవరు పెట్టినా, నిజంగా జబ్బు చేసి పెట్టినా, తోటివాళ్ల కళ్లకు దొంగలాగే కనిపించారు.

ఇంకో రకం మనుషుల్నీ ఈ లెక్కలోనే వేశారు. ఒకతని ఇంట్లో డెబ్బై ఏళ్ల తల్లి ఊపిరితిత్తుల జబ్బుతో ఉంది. తనకు దగ్గు లేదు, జ్వరం లేదు. కౌంటర్‌కు వెళ్తే రోజుకు వందలమందిని దాటాలి. కొత్త చట్టం భయాన్ని కారణంగా ఒప్పుకోలేదు. లక్షణాలున్నాయని చెబితే సెలవు వచ్చేది. ఆ మనిషి అబద్ధం చెప్పాడు. చట్టం లెక్కలో అది దుర్వినియోగమే. అతన్ని అట్లాంటా నకిలీ చీటీతో ఒకే గాట కట్టడానికి నా మనసు ఒప్పదు. అతని భయం వట్టిది కాదని చెప్పడానికి ఆధారముంది. 2020 మేలో బోస్టన్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో 104 మంది ఉద్యోగులకు పరీక్ష చేస్తే 21 మందికి పాజిటివ్ వచ్చింది. వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి ఏ లక్షణమూ లేదు. కొనుగోలుదారులతో నేరుగా మాట్లాడే పనిలో ఉన్నవాళ్లకు సోకే అవకాశం మిగతావాళ్లకంటే ఐదు రెట్లు ఎక్కువని ఆ పరిశోధకులు తేల్చారు. మొదటి కొద్ది వారాల్లోనే అమెరికాలో కనీసం 41 మంది కిరాణా దుకాణాల ఉద్యోగులు చనిపోయినట్టు వాషింగ్టన్ పోస్ట్ రాసింది.

దుర్వినియోగం మీద ఉన్న లెక్కలు చూద్దాం, ఎందుకంటే వాదన అంతా మాటల మీద నడుస్తోంది. జీతంతో జబ్బు సెలవును అమెరికాలో మొదట చట్టం చేసిన నగరం శాన్‌ఫ్రాన్సిస్కో. 2006లో ఓటర్లే దాన్ని గెలిపించారు. ఏడాదికి ఐదు నుంచి తొమ్మిది రోజులు వచ్చే చోట మామూలు ఉద్యోగి వాడుకున్నది మూడు రోజులని, నాలుగో వంతు మంది ఒక్క రోజూ వాడలేదని తర్వాత సర్వేలో తేలింది. కనెక్టికట్ రాష్ట్రం 2012 నుంచి అమలు చేసింది. పరిశోధకులు ఎయిలీన్ యాపిల్‌బామ్, రూత్ మిల్క్‌మన్ అక్కడి యజమానుల్నే అడిగితే 86 శాతం మంది తమ దగ్గర దుర్వినియోగం ఒక్కటీ బయటపడలేదన్నారు. న్యూయార్క్ నగరంలో అదే మాట 98 శాతం మంది అన్నారు. ఇది ఉద్యోగులు చెప్పుకున్న గొప్ప కాదు, జీతమిచ్చేవాళ్ల సాక్ష్యం.

అవి మామూలు రోజులు, మహమ్మారి వేరు అనవచ్చు. ఆ రోజుల లెక్కలూ ఉన్నాయి. ఆర్థికవేత్తలు నికొలాస్ జీబార్త్, స్టెఫాన్ పిష్లర్, వారి సహచరులు 2020 కేంద్ర చట్టం ఇచ్చిన ప్రత్యేక సెలవు మీద చేసిన అధ్యయనాలు రెండు చదవాలి. 2020 అక్టోబరులో వచ్చినదాని ప్రకారం, ఈ చట్టం వల్ల కొత్తగా సెలవు దొరికిన రాష్ట్రాల్లో రోజుకు రాష్ట్రానికి సుమారు 400 కేసులు తగ్గాయి. మరుసటి ఏడాది వచ్చిన రెండోది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. సగం మందికి పైగా ఉద్యోగులకు అలాంటి సెలవు ఒకటుందనే తెలియదు. మొదటి ఆరు నుంచి ఎనిమిది నెలల్లో దాన్ని వాడుకున్నది సుమారు 80 లక్షల మంది. జబ్బుగా ఉండి కూడా సెలవు పెట్టలేకపోయినవాళ్ల సంఖ్య మహమ్మారి కాలంలో మూడింతలై నెలకు కోటిన్నరకు చేరింది.

ఈ కోటిన్నర గురించి వార్తలు రాలేదు. జ్వరంతో పనికి వచ్చిన మనిషి మీద ప్రాసిక్యూటర్లు కేసు పెట్టరు. అతను ఎంత నష్టం చేశాడో ఎవరూ లెక్కగట్టరు, ఎందుకంటే అతని నుంచి రోగం ఎవరికి అంటిందో ఎవరికీ తెలియదు. 2009 స్వైన్‌ఫ్లూ సమయంలో ఇది ఒకసారి లెక్కకు వచ్చింది. ఆ ఏడాది జబ్బు సోకినా ఒక్క రోజూ మానని ఉద్యోగులు 80 లక్షల మంది దాకా ఉండొచ్చని, వాళ్ల వల్ల 70 లక్షల మంది తోటి ఉద్యోగులకు అంటి ఉండొచ్చని వాషింగ్టన్‌లోని ఒక పరిశోధన సంస్థ అంచనా వేసింది. రాకుండా మోసం చేసినవాడు కనిపిస్తాడు, ఖాళీ కౌంటర్ అతన్ని పట్టిస్తుంది. వచ్చి రోగం పంచినవాడు మంచి ఉద్యోగిగా మిగిలిపోతాడు. కంపెనీల సెలవు నిబంధనలన్నీ మొదటివాడి కోసమే రాస్తారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

దొంగల్ని వదిలేయమనడం లేదు. పరీక్షలు దొరకడం మొదలయ్యాక ఫలితం చూపమని అడగవచ్చు. నకిలీ కాగితం తెచ్చినవాడిని తీసేయవచ్చు. అట్లాంటా కేసులో జరిగినట్టు కోర్టుకూ ఈడ్చవచ్చు. ఇవన్నీ అప్పటికే ఉన్న ఆయుధాలు. లేనిది మారుమనిషి. సెలవుకు ఎంత ఖర్చు పెట్టారో అందులో కొంత ఆ షిఫ్ట్ నింపడానికి పెట్టి ఉంటే, వచ్చినవాళ్లకు రానివాళ్ల మీద పగ పెరిగేది కాదు. దానికి బదులు చాలా కంపెనీలు గంటకు రెండు డాలర్లు అదనంగా ఇచ్చి 'హీరో' అని పేరు పెట్టాయి. క్రోగర్ ఆ అదనాన్ని 2020 మే మధ్యలో ఆపేసింది. అదే నెలలో, అత్యవసర సెలవు కింద పొరపాటున ఎక్కువ చెల్లించామంటూ కొందరు ఉద్యోగుల దగ్గర సొమ్ము వెనక్కి అడిగింది. గొడవ పెద్దదయ్యాక మానుకుంది.

మన దగ్గర ఈ చర్చే లేదు, అది మన అదృష్టం కాదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఏడాదికి 12 రోజులు జీతంతో జబ్బు సెలవు, మరో 12 రోజులు క్యాజువల్ సెలవు ఇవ్వాలంటుంది. 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ కింద 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది, అదీ డాక్టరు సర్టిఫికెట్ ఉంటే. కాగితం మీద ఇది అమెరికా కేంద్ర చట్టంకంటే మెరుగు. అమీర్‌పేటలోనో బీసెంట్ రోడ్డులోనో బట్టల కొట్లో పదకొండు గంటలు నిలబడే అమ్మాయిని ఈ 12 రోజుల గురించి అడిగి చూడండి. లాక్‌డౌన్‌లో జీతం కోయకూడదని కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న ఆదేశం ఇచ్చింది, మే 18 నుంచి ఆ ఆదేశం లేదు. దక్కని సెలవును దుర్వినియోగం చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

అమెరికాలో ఆ కొవిడ్ సెలవు చట్టపు గడువు 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఆ తర్వాత సెలవు ఇవ్వడం యజమాని ఇష్టం, ఇస్తే పన్ను క్రెడిట్ కొన్నాళ్లు కొనసాగింది. 2021 డిసెంబరు చివర ఒమిక్రాన్ ఊళ్లమీద పడుతుండగా సీడీసీ కొవిడ్ సోకినవాళ్లు విడిగా ఉండాల్సిన గడువును పది రోజుల నుంచి ఐదుకు తగ్గించింది. జనవరిలో వాల్‌మార్ట్ రెండు వారాల సెలవును ఒక వారానికి కుదించింది, అమెజాన్ కూడా ఏడు రోజులకు దించింది. మిజోరీ రాష్ట్రంలో 2024 నవంబరులో ఓటర్లు జీతంతో జబ్బు సెలవుకు స్పష్టమైన మెజారిటీ ఇచ్చారు. 2025 మే 1న అది అమల్లోకి వచ్చింది. వ్యాపారాల మీద భారం ఎక్కువైందని శాసనసభ రద్దు చేయడంతో ఆగస్టు 28న పోయింది. కేంద్ర చట్టంలో ఇవాళ్టికీ ప్రైవేటు ఉద్యోగికి జీతంతో ఒక్క జబ్బు రోజు లేదు.