శిలకు దండ, ఇంటికి అండ

రాయలసీమలో, తెలంగాణలో ఊరి పొలిమేరల్లో ఇప్పటికీ వీరగల్లులు కనిపిస్తాయి. కత్తి దూసిన మనిషి బొమ్మ, పైన సూర్యచంద్రులు. ఊరిని కాపాడుతూనో, పశువుల మందను దొంగల బారి నుంచి విడిపిస్తూనో ప్రాణం విడిచినవాడి గుర్తు అది. కొన్నిచోట్ల సతి శిల కూడా ఉంటుంది. దాని మీద పైకెత్తిన చెయ్యి, చేతినిండా గాజులు. భర్తతోపాటు చితి ఎక్కిన భార్యకు దక్కిన రాయి అది. బతికి ఉండి, పిల్లల్ని సాకి, అత్తమామల్ని చూసుకుంటూ ముసలిదైపోయిన వీరుడి భార్యకు అలాంటి రాయి దక్కలేదు. అయితే ఆ రోజుల్లోనే మరో ఆచారమూ ఉండేది. పోరులో పడిపోయినవాడి వారసులకు భూమి ఇచ్చేవారు. కన్నడ శాసనాలు దాన్ని ‘నెత్తరు కొడగె’ అంటాయి. రాయి పోయినవాడి పేరు నిలుపుతుంది, భూమి ఉన్నవాళ్ల బతుకు నిలుపుతుంది. సైనిక కుటుంబాల త్యాగాన్ని తలచుకోవడంలో మనం మొదటి పనిలో ఆరితేరాం. రెండో పని ఇంకా సగంలోనే ఉంది.

1999 మే నుంచి జులై దాకా సాగిన కార్గిల్ పోరులో 527 మంది సైనికులను పోగొట్టుకున్నాం. అంతకుముందు యుద్ధాల్లో చాలామందికి రణభూమి దగ్గరే అంత్యక్రియలు జరిగేవి, ఇంటికి తంతి మాత్రం వచ్చేది. కార్గిల్ నాడు జెండా కప్పిన శవపేటికలు సొంత ఊళ్లకు చేరాయి. టీవీల్లో చూసి దేశమంతా ఏడ్చింది. ప్రభుత్వం ఆ కుటుంబాలకు పెట్రోలు బంకులు, గ్యాస్ ఏజెన్సీలు కేటాయించింది. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. అక్కడి త్యాగ చక్రం గోడల మీద 25 వేలకు పైగా పేర్లున్నాయి. ఇవన్నీ చేయవలసిన పనులే. కానీ దేశానికి కార్గిల్ విజయాన్ని తలచుకునే జులై 26 ఏడాదికి ఒక్కసారే వస్తుంది, ఆ ఇళ్లకు లోటు రోజూ ఉంటుంది. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఆ పోరులో ప్రాణం విడిచిన కొన్ని నెలలకు ఆయన కూతురు పుట్టింది. తండ్రిని ఒక్కసారైనా చూడకుండా పెరిగిన బిడ్డకు త్యాగమంటే గడిచిపోయిన సంఘటన కాదు, తనతోపాటు పెరిగిన సంగతి.

పోయినవాడిని తలచుకునే తొందరలో ఉన్నవాళ్లను బొమ్మలుగా నిలబెట్టడం మన పాత అలవాటు. ప్రభుత్వ నియమాల్లోనూ దాని నీడ పడింది. శౌర్య పతకం పొందిన సైనికుడి భార్యకు నెలనెలా వచ్చే భత్యం, ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. భర్త సోదరుణ్ణి చేసుకుంటే మాత్రం కొనసాగేది. కార్గిల్ తర్వాత ఉత్తరాదిలో, పరిహారం గడప దాటిపోకూడదని మరిదితో పెళ్లికి ఒత్తిడి తెచ్చిన ఉదంతాలు పత్రికలకెక్కాయి. సాయం చేయడానికి పెట్టిన నియమమే సంకెలగా మారిందన్నమాట. రక్షణ శాఖ 2017లో ఆ షరతును ఎత్తేసింది. సతి శిల కాలం నుంచి మనం వేసిన అడుగుల్లో ఇది చిన్నదేమీ కాదు.

మరి కోడలు వేరే ఇంటికి వెళ్లిపోతే కొడుకును పోగొట్టుకున్న ముసలివాళ్ల గతేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కోడలిని కట్టిపడేయడం కాదు, తల్లిదండ్రుల వాటాను వాళ్ల చేతికే ఇవ్వడం. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది సైనికులు మరణించినప్పుడు, సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 5 కోట్లలో భార్యాబిడ్డలకు 4 కోట్లు, తల్లిదండ్రులకు కోటి విడిగా అందాయి. భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చారు. ఇద్దరి హక్కూ నిలిచింది, ఎవరి బతుకూ మరొకరి దయ మీద ఆధారపడలేదు. అయితే ఇంత సాయం అందరికీ దొరకదు. ఒకే లోయలో ఒకే రాత్రి పోయినవారి కుటుంబాలకు ఏ రాష్ట్రంలో పుట్టారన్నదాన్ని బట్టి సాయం మారకూడదు.

సైనికుడు ఇష్టపడే చేరాడు, జీతం తీసుకున్నాడు కదా అనేవారూ ఉన్నారు. నిజమే, కానీ సంతకం పెట్టింది అతనొక్కడే, ఇంట్లోవాళ్లు కాదు. పైగా ప్రమాదం ఎదురైతే మిగతా ఉద్యోగాల్లోలా వదిలేసి వచ్చే వీలు అతనికి లేదు. అలా వస్తే సైనిక చట్టం కింద అది నేరం. మురుగు కాలువల్లో ఊపిరాడక చనిపోయే కార్మికుల కుటుంబాల మాటేమిటన్న ప్రశ్న ఇంకా బలమైనది. వాళ్లకూ అండ దొరకాలి. ఒకరికి చేసిన న్యాయం ఇంకొకరికి చేయకపోవడానికి సాకు కాకూడదు, చేయడానికి కొలమానం కావాలి.

ప్రభుత్వం చేయగలిగింది కొంతవరకే. పింఛను కాగితం కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దాకా తోడు వెళ్లడం, డిసెంబరు 7న సాయుధ దళాల పతాక నిధికి చేతనైనంత ఇవ్వడం మనం చేయగల పనులు. అన్నిటికంటే కష్టమైనది మన వాకిట్లోనే ఉంది. వేదిక మీద ‘వీరపత్ని’ అని శాలువా కప్పిన ఊరే, మర్నాడు పేరంటానికి ఆమె గడప దాటేసి పోతుంది. శుభకార్యానికి ఎదురొచ్చిందని ముఖం తిప్పుకుంటుంది. రాతి మీద గాజుల చెయ్యికి మొక్కి, ప్రాణమున్న చేతికి గాజులు వద్దనే మర్యాద మర్యాదే కాదు. పోయినవాడికి ఆగస్టు 15న దండ వేద్దాం. శ్రావణంలో ఆ ఇంటికీ బొట్టు పెట్టి పిలుద్దాం.